ఉప్పు లేని ఇంటి పచ్చిపులుసు

మా చిన్నబాపు పోయిన పొద్దున తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, టిఫిన్ తిన్నవా?" అని అడిగాడు. తిన్నానన్నాను. "ఏం తిన్నవు?" అన్నాడు. ఉప్మా అన్నాను. అప్పుడు చెప్పాడు, చిన్నబాపు నిద్రలోనే పోయిండని. చావు కబురు చెప్పేముందు ఎదుటివాళ్ల కడుపు నిండిందో లేదో కనుక్కోవడం మావాళ్ల మర్యాద. ఆ మర్యాద సంగతి ఏమో గాని, చింతచిగురు అంగట్లో రాశి పోసి ఉన్న రోజుల్లో ఉప్మా తిన్నదాన్ని చిన్నబాపు మనిషిగా లెక్కబెట్టేవాడు కాదు. ఏడుపు కంటే ముందు నాకు ఆ సిగ్గే వచ్చింది.

ఆయన మా బాపుకు తమ్ముడు. మందమర్రిలో బొగ్గుబాయి పని చేసి, రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి, కరీంనగర్‌లో మా గల్లీలోనే రెండు గదుల ఇంట్లో దిగాడు. ఆయన భార్య, మా చిన్నవ్వకు ఒంట్లో బాగుండదు, దవాఖానాలు దగ్గరుంటాయని. వాళ్లకు పిల్లలు లేరు. నాకు ఆఫీసుల దగ్గర ఒక జిరాక్సు దుకాణం ఉంది. ఆదివారం దుకాణం మూసి, మధ్యాహ్నం తిండికి వాళ్లింటికి పోయేదాన్ని. తిండితో పాటు తిట్లు కూడా ఉండేవి.

చూడవచ్చినవాళ్లంతా వాకిట్లో చెప్పులు విడుస్తూనే "దేవుడసొంటి మనిషి" అన్నారు. ఈ మాట ఎవరు కనిపెట్టారో గాని, పోయినవాళ్ల గురించి ఏమీ తెలియనివాళ్లకు మహా అనుకూలంగా ఉంటుంది. దయచేసి మా చిన్నబాపును దేవుణ్ణి చెయ్యకండి. దేవుడు ఏది పెట్టినా నైవేద్యమనే అనుకుంటాడు. మా చిన్నబాపు మూత తీసి, వాసన చూసి, మూత మళ్లీ పెట్టేసే రకం. పెండ్లికి పోతే అక్షింతలు వేసి, చేతులు వెనక్కి కట్టుకుని, వంటకాల వరస పొడుగునా ఒక్కొక్క గిన్నెలోకి తొంగిచూస్తూ నడిచి, ఏమీ ముట్టకుండా ఇంటికి వచ్చి తినేవాడు. పన్నీర్ ఆయన లెక్కలో తెల్ల రబ్బరు. ఎండాకాలంలో గోబిపువ్వు కొనేవాళ్లను చూస్తే, "రోహిణి కార్తెల ఉన్ని టోపీ పెట్టుకున్నట్టే" అనేవాడు, వాళ్లకు వినిపించేటట్టే.

నోరు మంచిది కాదు. ఆ నోటి తీరు నాకు కొంత అబ్బింది. ఈ స్మృతి చదువుతూ ఉంటే మీకే తెలుస్తుంది.

ఇంత పొగరు చూపే మనిషి పుట్టి బుద్ధెరిగి పొయ్యి ముందు కూర్చున్నవాడు కాదు. మందమర్రిలో ఉన్నన్నాళ్లూ బాయి నుంచి వచ్చి, స్నానం చేసి, చిన్నవ్వ పెట్టింది తినేవాడు. చిన్నవ్వ చెయ్యి గొప్పది. ఆమె చేసిన చింతకాయ తొక్కు కోసం పక్క క్వార్టర్లవాళ్లు గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లు. తరవాత ఆమె కాళ్లకు నీరు దిగింది. వేలితో నొక్కితే గుంట పడి, ఆ గుంట అట్లనే ఉండిపోయేది. గుండె బలహీనపడిందని, ఉప్పు పూర్తిగా మానెయ్యాలని డాక్టరు చెప్పాడు.

ఇక సలహాలకు కొదవ లేదు. మా చుట్టాల్లో డాక్టరు చదివినవాడు ఒక్కడూ లేడు, డాక్టరు మాట కొట్టిపారెయ్యగలవాళ్లు మాత్రం ఇంటికి ఇద్దరున్నారు. అందరి సలహా ఒకటే: "జర్రంత ఏస్తె ఏం గాదు." కూరలో జర్రంత, చారులో జర్రంత, మజ్జిగలో జర్రంత. చిన్నబాపు వినీ వినీ ఒకనాడు అన్నాడు: "జర్రంత జర్రంతనే మనిషిని మింగుతది. గుప్పెడంత ఉంటె కండ్లకన్న కనవడతది."

ఉప్పు జాడీని తీసుకుపోయి పక్కింట్లో ఇచ్చేసి వచ్చాడు. చిన్నవ్వను వంటింట్లోకి రానివ్వలేదు. ఆమె మీద అపనమ్మకం కాదు. అన్నేండ్లు వండిన చెయ్యి, ఆమె ఏదో ఆలోచిస్తూ ఉంటే తనంతట తానే డబ్బా వెతుక్కుంటూ పోతుందని భయం. "దాని చేతికి కండ్లు లేవు, అలవాటే ఉన్నది" అన్నాడు. ఆమెకు వేరే, తనకు వేరే వండుకొమ్మని మా మేనత్త చెప్పి చూసింది. "ఒక్కింట్ల రెండు కుండలా? మేమేమన్న ఏరువడ్డమా?" అని కసిరాడు. ఆ రోజు నుంచి తనూ ఉప్పు మానేశాడు. వాళ్లింట్లో అంతకాలం తిని కూడా, వాళ్ల ఉప్పు తిన్న విశ్వాసం నాకుందని చెప్పుకునే వీలు లేకుండా చేశాడు మహానుభావుడు.

ఆయన మొదట్లో వండిన సొరకాయ కూర నేను తిన్నాను. తడిసిన అట్టముక్క అంతకంటే నయం. ఆయనే పళ్లెం ముందు కూర్చుని, దాన్ని తన శత్రువును చూసినట్టు చూశాడు. "గీ సొరకాయకు మానం లేదు" అన్నాడు. తప్పు సొరకాయదే గాని తనది కాదన్నమాట. కొన్నాళ్లకు ఆయనకు ఒక సంగతి తట్టింది. దాన్ని నాతో చాలాసార్లు చెప్పాడు, ప్రతిసారీ అప్పుడే కనిపెట్టినట్టు: "నాలికెకు పని జెప్పాలెనే. పని లేకనే అది ఉప్పును యాది జేసుకుంటది."

అందుకని ఆయన కూర మామూలుగా ఉడకబెట్టి, అసలు తెలివంతా దాని మీద పోసేదాంట్లో చూపించేవాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు 'మీదిది'. వానకాలంలో బోడకాకర దొరికితే నిలువునా చీల్చి పెనం మీద కాల్చి, మీదికి పుంటికూర, అదే గోంగూర, ఉడికించి పిండిన పులుపు, దోరగా వేయించి కచ్చాపచ్చాగా దంచిన నువ్వులు. చలికాలంలో ఉడికించిన అనపగింజలు, మీదికి ఉసిరికాయ తురుము, నిప్పు మీద మాడ్చిన పచ్చిమిరపకాయ. ఏమీ దొరకనినాడు రేగుపండ్లు నూరి, ఇంత మజ్జిగ కలిపి ముల్లంగి ముక్కల మీద పోసేవాడు. బాయిలో తనతో పనిచేసిన ఆదిలాబాద్ వైపు మరాఠీ మనిషి ఎప్పుడో నేర్పిన పిట్లె చేసేవాడు. అంటే శెనగపిండిని నీళ్లలో కలిపి, ఎల్లిపాయతో దగ్గరికి ఉడికించడం. అందులో ఉప్పుకు బదులు పచ్చి ఉల్లిగడ్డ, నిమ్మకాయ. ఎండాకాలం వస్తే ఆయనకు పండుగే. గంగవాయిలి కూర, చింతచిగురు, పచ్చి మామిడికాయ, అన్నీ పుల్లనివే. పులుపు ఉన్నచోట ఉప్పు లేదని గుర్తు చేసేవాళ్లు ఉండరని ఆయన ధీమా.

ఇవాళ చేసింది రేపు చేసేవాడు కాదు. "నిన్న మంచిగున్నది గదా, గట్లనే చెయ్యి" అంటే మండిపడేవాడు. నిన్నటి మామిడికాయ, ఇవాళ్టి మామిడికాయ ఒకటేనా అని అడిగేవాడు. సంచి పట్టుకుని అంగడికి పోతే ముందు ఏమీ కొనకుండా ఒక చుట్టు తిరిగేవాడు. "ఏది రాశి పోసి ఉన్నదో గదే ఇయ్యాల్టి కూర" అనేది ఆయన సూత్రం. గాజు తలుపుల పెట్టెల్లో, చల్లటి గాలిలో, మైనం పూసినట్టు మెరిసే కూరగాయల దుకాణాల్లోకి అడుగుపెట్టేవాడు కాదు. అవి కూరగాయల శవాలని అనేవాడు.

మా తమ్ముడి భార్య మంచి పిల్లే. కాకపోతే ఫోన్‌లో ఎవరు ఏది తినమంటే అది ఇంట్లోవాళ్లకు పెట్టే రకం. ఒకసారి ఒక గాజు సీసా తెచ్చింది. లోపల తెల్లగా, చిక్కగా ఏదో ఉంది.

"చిన్నమామా, ఇది సలాడ్ మీద పోసుకునేది. మస్తు హెల్తీ. ఇగ మీరు రోజూ దంచుడు, నూరుడు అక్కరలే."

చిన్నబాపు సీసాను తిప్పి చూసి నాకిచ్చాడు. "ఏమేమున్నయో సదువు" అన్నాడు. నూనె, చక్కెర, వెనిగర్, ఉప్పు అని చదివాను. మిగతావి పలకడానికి నా నోరు తిరగలేదు.

"ఉప్పున్నదా?"

"ఉన్నది."

"చూసినవా బిడ్డా" అన్నాడు మరదలితో, చాలా నెమ్మదిగా. ఆయన నెమ్మదిగా మాట్లాడితేనే భయపడాలి. "దోసకాయ దోసకాయ లెక్క లేకుంట చేసెటందుకు గింత పరేషానా? మీ దోసకాయ మీకేం అన్యాయం చేసింది?"

ఆ పిల్ల ముఖం మాడిపోయింది. చిన్నవ్వ లోపలి నుంచి, "పోనియ్యరాదుండ్రి, ప్రేమతోని తెచ్చింది" అంది. ఆయన పోనివ్వలేదు. తినేటప్పుడు ఆ పిల్ల పళ్లెంలో కీరదోస ముక్కలు వేసి, మీదికి ఉల్లిగడ్డ, నిమ్మరసం, దంచిన పల్లీలు వేసి, ఆమె తినేదాకా ఎదురుగా కూర్చున్నాడు. ఆమె బాగుందనే అంది. అనక చస్తుందా?

ఫోన్‌లో వంటలు చెప్పేవాళ్లంటే ఆయనకు ప్రత్యేకమైన అసహ్యం. మసాలాలన్నీ చెంచాల లెక్కన చెప్పి, చివరికి 'ఉప్పు రుచికి సరిపడా' అంటారు కదా, అక్కడ ఆపించి నవ్వేవాడు. "గంత ముచ్చట జెప్పి, అసలు పని నీ మీద తోసింది చూడు." ఆయన పోయాక నేను కూడా ఆ మాట వింటే నవ్వకుండా ఉండలేకపోతున్నాను.

నాకు వంట నేర్పడం ఆయన ఉద్దేశమేమీ కాదు. నేను చూస్తూ ఉండేదాన్ని, ఆయన తిడుతూ ఉండేవాడు, మధ్యలో ఎట్లనో వచ్చేసింది. "చింతపండు ఎంత చిన్నబాపూ?" అంటే, "కొలిచి పోసేది దవాఖానల కాంపౌండరు" అనేవాడు. ఒకసారి నా చేతి పచ్చిపులుసు తాగి, "గోడకు పోస్తె గోడ గుడ తుమ్ముతది" అన్నాడు. పచ్చిపులుసు తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, అది పొయ్యి ఎక్కని పులుసు. పులుపు నీళ్లలో ఉల్లిగడ్డ, మిరపకాయ పిసికి, అన్నంలో పోసుకోవడమే. దాన్ని కాచేవాళ్లు కూడా ఉన్నారట. ఉండనివ్వండి, లోకంలో ఎన్ని ఘోరాలు లేవు! ఆయన మెచ్చుకున్న రోజు ఒక్కటీ నాకు గుర్తు లేదు. ఏమీ అనకుండా రెండోసారి పోసుకున్న రోజులు మాత్రం గుర్తున్నాయి. అప్పుడు ఇంటికి గాలిలో నడిచి వచ్చేదాన్ని.

ఇక ఆయన పోయిన తరవాతి సంగతి. నేను ఇది రాయడానికి కారణం అదే.

మావాళ్లలో చావు జరిగిన ఇంట్లో చిన్నదినం కర్మ జరిగేదాకా పొయ్యి ముట్టించకూడదు. బంధువులే వండి తెస్తారు. మంచి ఆచారమే. ఏడ్చేవాళ్లు వండుకోనక్కర లేకుండా ఎవరో తెలివైనవాళ్లు పెట్టింది. దాన్ని పాటించేవాళ్లకు కూడా అంత తెలివి ఉండాలని నియమం పెట్టడం మరిచిపోయారు. చొప్పదండి నుంచి పులిహోర వచ్చింది. తమ్ముడి అత్తగారింటి నుంచి సాంబారు వచ్చింది. ఒకరు బగారన్నం, ఒకరు టమాట పప్పు, దాని పక్కన మామిడికాయ తొక్కు, అప్పడాలు. క్యారియర్ల మీద క్యారియర్లు. ఉప్పు మానెయ్యమన్న డాక్టరు మాట మీద అన్నాళ్లు తీర్పులు చెప్పినవాళ్లలో, చిన్నవ్వ ఏం తింటుంది అని ఒక్కరికీ తోచలేదు. ఒక్కరంటే ఒక్కరికి కూడా.

మొదటి రోజు ఆమె ఏమీ ముట్టలేదు. అందరూ దుఃఖమనుకున్నారు. రెండో రోజు మా మేనత్త పులిహోర ముద్దలు చేసి ఆమె నోటికి అందించింది. "పోయినోడు పోయిండు, నీ పానం నిలవాలె గదా, తిను" అంది. వద్దనడం చిన్నవ్వకు ఎప్పుడూ చేతకాదు. తిన్నది. తరవాత ఎవరో సాంబారు అన్నం కలిపి పెట్టారు. అదీ తిన్నది. మర్నాడు పొద్దున ఆమె చీర కుచ్చిళ్ల కింద పాదాలు చూశాను. ఉబ్బి నున్నగా ఉన్నాయి. వంగి వేలితో నొక్కితే గుంట పడింది. వేలు తీశాక కూడా అట్లనే ఉంది.

నాకు భయమేసింది. ఒక మనిషిని ఇప్పుడే కాటికి పంపి వచ్చాం. ఇంత ప్రేమగా, ఇన్ని క్యారియర్లతో రెండో మనిషిని కూడా పంపేటట్టున్నాం.

"అత్తా, చిన్నవ్వకు ఉప్పు తినిపిస్తున్నరు" అన్నాను.

"గింతనేనే కోడలా. జర్రంత తింటె ఏమైతది?"

"జర్రంతకే కాళ్లు చూడు ఎట్లైనయో!"

"ఏడ్సి ఏడ్సి వాసినయి. నువ్వు జర ఊకో" అంది అత్త. తరవాత నేను వంటింటి వైపు పోతుంటే గొంతు పెంచింది. "ఏందే, పొయ్యి ముట్టిస్తవా ఏంది? చిన్నదినం గాలే. ఇంటికి అరిష్టం."

"నేనేం ముట్టియ్య. నీ పొయ్యి నీకే ఉండనీ" అన్నాను. నేను ఆమెతో ఎప్పుడూ అట్లా మాట్లాడలేదు. మాట్లాడినందుకు ఏమీ అనిపించలేదు.

వంటింట్లో ఒక బుట్టలో మామిడికాయలున్నాయి. పుల్లటిది ఒకటి తీసి తురిమాను. ఉల్లిగడ్డ సన్నగా కోసి, పచ్చిమిరపకాయ, జీలకర్ర, కొత్తిమీర కాడలతో కలిపి రసం దిగేదాకా పిసికాను. మామిడి తురుము కలిపి నీళ్లు పోశాను. చిన్నబాపు దంచి పెట్టుకున్న నువ్వుల పొడి ఒక డబ్బాలో ఉంది, అది రెండు చెంచాలు వేశాను. చెంచాలు లెక్కపెట్టినందుకు ఆయన నన్ను ఏమనేవాడో తెలుసు. పక్కింటావిడను అడిగి తెల్లన్నం తెచ్చాను. ఒక కీరదోసకాయ చక్రాలుగా కోశాను. నిప్పు అవసరం ఎక్కడా రాలేదు. ఇన్నేండ్లు ఆయన మీదిది మీదిది అని నూరిపోసింది ఇట్లాంటి రోజు కోసమే కాబోలని అనిపించి, అక్కడే నిలబడి కాసేపు ఏడ్చాను.

అత్త లోపలికి వచ్చి గిన్నెలోంచి కొంచెం అరచేతిలో పోసుకుని నాకింది. ఆమె ముఖం వికారంగా మారింది.

"ఉప్పు మర్చిపోయినవు గదనే!" అంది. నిజంగానే జాలిపడింది. పక్కింటి నుంచి ఉప్పు డబ్బా తెమ్మని ఎవరినో కేకేసింది కూడా. అప్పటిదాకా పాదాల గురించి నేను చెప్పిందంతా ఆమె ఏమని విన్నదో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. కొంతమందికి చెప్పడం కంటే వాళ్లను దాటి నడవడమే తేలిక. పళ్లెం తీసుకుని దాటి వచ్చాను.

చిన్నవ్వ ముందు గదిలో గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని ఉంది. పళ్లెం ముందు పెట్టి అన్నం మీద పులుసు పోశాను. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా మాటలు ఆపి చూశారు. ఆమె నెమ్మదిగా కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నేను ఆమె నోటినే చూస్తున్నాను. ముద్ద మింగింది.

"సప్పగున్నది" అంది.

అత్త నా వైపు చూసిన చూపు రాయడానికి నాకు మాటలు లేవు, అవసరమూ లేదు. "నేను జెప్పలే?" అంది.

చిన్నవ్వ ఆమెను పట్టించుకోలేదు. కీరదోస ముక్క ఒకటి పులుసులో ముంచింది. "మీ చిన్నబాపు చేసింది గుడ సప్పగనే ఉంటుండె బిడ్డా. ఏమేసినా సప్పగనే. నువ్వులేసినా, ఉసిరికాయేసినా. రోజు నేను ముద్ద నోట్లె పెట్టంగనే నా మొకం దిక్కు చూస్తుండె, ఎట్లున్నదే అని. మంచిగున్నదంటుంటి."



"ఒక్కనాడు గుడ జెప్పలేదా చిన్నవ్వా?" అన్నాను.

"ఎట్ల జెప్తనే? గంత పానం పెట్టి చేస్తుండె."

ఊళ్లోవాళ్లందరి నాలుకలకూ వంక పెట్టిన మనిషి, ఎదురుగా కూర్చుని తిన్న నాలుక సంగతి తెలియకుండానే పోయాడు. ఆయనకు అది తెలియకుండా కాపాడిన మనిషిని వద్దనడం చేతకానిదని మేమంతా అనుకున్నాం. నాకు ఎవరి మీద కోపం మిగిలిందో వెతుక్కుంటే, ఆ క్షణానికి ఎవరి మీదా మిగల్లేదు.

ఆమె ఇంకో ముద్ద తిన్నది. ఇంకోటి తిన్నది. అన్నం అయిపోయాక పళ్లెం నా వైపు జరిపి, "ఇంకింత పొయ్యి" అంది.

గిన్నెలో మిగిలిందంతా పోశాను. అన్నం లేకుండా వట్టి పులుసే. ఆమె రెండు చేతులతో పళ్లెం ఎత్తి, అంచు పెదవులకు ఆనించుకుని తాగింది. పళ్లెం వెనకాల ఆమె ముఖం కనబడలేదు. పులుసు ఎప్పుడో అయిపోయింది. పళ్లెం మాత్రం కిందికి దిగలేదు.